నలభై లీటర్లలో ఎవరికి చోటు? చిన్న మొక్కల అక్వేరియంలో చేపలు, రొయ్యలు, నత్తల పొత్తు

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న గాజు తొట్టె లెక్క ప్రకారం 54 లీటర్లు పట్టాలి. అడుగున మొక్కల కోసం 5 సెంటీమీటర్ల మందాన మట్టి, ఇసుక పరిచి, పైన 3 సెంటీమీటర్లు ఖాళీ వదిలితే నీటి లోతు 22 సెంటీమీటర్లకు దిగుతుంది; అంటే మిగిలేది 40 లీటర్లకు కొంచెం తక్కువ. రాళ్ళూ కొయ్యదుంగలూ సర్దాక ఇంకో మూడు నాలుగు లీటర్లు పోతాయి. చిన్న మొక్కల అక్వేరియంలో ఏ చేపతో ఏ రొయ్యను, ఏ నత్తను కలిపి ఉంచవచ్చన్న చర్చ అంతా రెండు పెద్ద బకెట్లలో పట్టే ఈ కాసిని నీళ్ళ గురించే. నాలుగడుగుల తొట్టెలో ఒక తప్పు ఎంపిక నెలల తరబడి బయటపడకుండా సాగిపోవచ్చు. ఇక్కడ అది వారంలోనే తేలిపోతుంది.

పొత్తు అనగానే అందరికీ ముందు తోచేది కొట్లాట: ఏది దేన్ని తరుముతుంది, ఏది దేని తోక కొరుకుతుంది అన్న ప్రశ్న. అంగళ్ళ గోడల మీద కనిపించే పట్టికలు కూడా ఈ ప్రశ్నకే జవాబు చెబుతాయి. కానీ ఆ ప్రశ్న వరుసలో మూడోది. అంతకంటే ముందు ఆ జీవికి ఇంటి కుళాయిలో వచ్చే నీరు సరిపడాలి, ఆ పైన మే నెల వేడిని అది తట్టుకోవాలి. ఈ రెండింటిలో నెగ్గిన జీవుల మధ్యనే స్వభావాల పొంతన చూడటంలో అర్థం ఉంటుంది. రంగు చూసి కొని, ఇంటికి తెచ్చాక నీటిని దానికి అనుగుణంగా మార్చబోయే పద్ధతి తలకిందులైనది. చిన్న తొట్టెల్లో జరిగే నష్టాల్లో ఎక్కువ భాగానికి మూలం అక్కడే ఉందని చెప్పవచ్చు.

ఆర్వో యంత్రాల పుణ్యమా అని టీడీఎస్ మీటరు ఇప్పుడు తెలుగు ఇళ్ళలో వింత వస్తువు కాదు. హైదరాబాదుకు మంజీర, కృష్ణా, గోదావరి నదుల నుంచి శుద్ధి చేసి పంపే నీటికీ, అదే వీధిలో బోరు నుంచి తోడే నీటికీ మధ్య ఉన్న తేడాను ఆ మీటరు క్షణంలో చూపిస్తుంది. బోరు నీటి అంకె చాలాచోట్ల నదీజలానికి రెండింతలో మూడింతలో ఉంటుంది. అయితే ఈ అంకె నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని చెబుతుందే తప్ప, అందులో కాల్షియం, మెగ్నీషియం ఎంత, సోడియం ఎంత అన్నది చెప్పదు. రొయ్యలకూ నత్తలకూ ముఖ్యమైన తేడా అదే. అపార్ట్‌మెంట్లలో బోరు నీటికి పెట్టే సాఫ్ట్‌నర్ ప్లాంట్లు నీటిలోని కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని పట్టుకుని వాటి స్థానంలో సోడియాన్ని వదులుతాయి. కాబట్టి టీడీఎస్ దాదాపు తగ్గదు, కాఠిన్యం మాత్రం పోతుంది. మీటరు చూసి నీరు కఠినంగా ఉందనుకుని అందులో వేసిన రొయ్యలు పెంకు సరిగా విడవలేక ఒక్కొక్కటిగా చనిపోతాయి, నత్తల గుల్లలు తెల్లబడి పెళుసెక్కుతాయి. భీమవరం చుట్టుపక్కల వనామీ రొయ్యలు పెంచే రైతులు ఇదే జాతి బాధను లూజ్ షెల్ అని పిలుస్తారు, చెరువుల్లో ఖనిజ లవణాలు చల్లుతారు. అక్వేరియం రొయ్యది కూడా అదే శరీరధర్మం. సాఫ్ట్‌నర్ దాటి వచ్చిన నీటిని వాడకుండా దానికి ముందే పట్టుకోవడం దీనికి అన్నిటికంటే తేలికైన విరుగుడు.

నీరు మరీ కఠినంగా ఉంటే ఆర్వో నీటితో కలపడం మంచి మార్గం, లెక్క కూడా సులువే. టీడీఎస్ 600 ఉన్న బోరు నీటిని 20 ఉన్న ఆర్వో నీటితో సగానికి సగం కలిపితే 310 దగ్గర నిలుస్తుంది. అచ్చంగా ఆర్వో నీటినే పోయడం మాత్రం ప్రమాదం. అందులో పీహెచ్‌ను, అంటే నీటి ఆమ్ల, క్షార గుణాల కొలతను, నిలకడగా పట్టి ఉంచే బైకార్బనేట్లు ఉండవు, రొయ్య పెంకుకు కావలసిన కాల్షియమూ ఉండదు. మొక్కల కోసం ప్రత్యేకంగా అమ్మే ఆక్వా సాయిల్ వాడేవారు మరో సంగతి గమనించాలి. ఆ మట్టి పీహెచ్‌నూ, బైకార్బనేట్లనూ తనంతట తానే కిందికి లాగుతుంది. కొత్తలో కొన్ని వారాలపాటు అమ్మోనియా కూడా వదులుతుంది. మృదువైన, కొద్దిగా ఆమ్ల గుణమున్న నీటిని ఇష్టపడే టెట్రాలు, రాస్బొరాలు అనే చిన్న గుంపు చేపలకు అది అనుకూలం. కఠినజలంలో పుట్టిన గప్పీ, మాలీ, ప్లాటీ వంటి పిల్లలు పెట్టే చేపలకు అనుకూలం కాదు. ఈ రెండు గుంపులనూ ఒకే తొట్టెలో పెట్టమని సలహా ఇచ్చే అంగళ్ళకు కొదవ లేదు, రెండూ బతుకుతాయి కూడా. కానీ రెండింటిలో ఒకటి ఎప్పుడూ రంగు వెలసి, రెక్కలు ముడుచుకుని ఉంటుంది.

మున్సిపల్ నీటిలో ఉండే క్లోరిన్‌ను సోడియం థయోసల్ఫేట్ చుక్కలు విరిచేస్తాయి. ఆ చుక్కలు ఏ అక్వేరియం అంగడిలోనైనా దొరుకుతాయి కనుక దాని మీద ఎక్కువ చెప్పనక్కరలేదు.

వేడి సంగతి అంత తేలిక కాదు. అక్వేరియం మీద వచ్చిన సమాచారంలో చాలా భాగం శీతల దేశాల పెంపకందారులు రాసింది. వారి చింత నీటిని వెచ్చగా ఉంచడం, తెలుగు నేలమీద చింత నీటిని చల్లగా ఉంచడం. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడలోనో, రామగుండంలోనో ఏసీ లేని గదిలో పెట్టిన చిన్న తొట్టెలో నీరు 32 డిగ్రీలు దాటడం మామూలు. నీటిలో కరిగి ఉండగల ఆక్సిజన్ 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9.1 మిల్లీగ్రాములైతే, 30 డిగ్రీల దగ్గర 7.6 మిల్లీగ్రాములకు పడిపోతుంది. సరిగ్గా అదే సమయంలో చేప ఒంట్లో జీవక్రియ వేగం పెరిగి దానికి ఆక్సిజన్ ఎక్కువ కావలసి వస్తుంది. మొక్కలున్న తొట్టెలో దీనికి ఇంకో మెలిక ఉంది. పగలు లైటు వెలుగులో మొక్కలు ఆక్సిజన్ వదులుతాయి, రాత్రి మాత్రం అవి కూడా చేపలతో పాటు దాన్నే వాడుకుంటాయి. కాబట్టి ఆక్సిజన్ అట్టడుగుకు చేరేది తెల్లవారుజామున. చేపల చెరువుల మీద రాత్రి మూడు గంటల నుంచి ఏరేటర్లు తిప్పే రైతుకు ఇది కొత్త విషయం కాదు. గాజు తొట్టె యజమానికి మాత్రం ఉదయం లేచేసరికి చేపలన్నీ నీటి మట్టానికి మూతులు ఆనించి కనిపించినప్పుడే తెలుస్తుంది. మొక్కల కోసం కార్బన్ డయాక్సైడ్ వదిలేవారు దాన్ని లైటుతో పాటే ఆపెయ్యాలి, రాత్రంతా గాలి బుడగలు వదలాలి.

ఈ పరీక్షలో బాగా పేరున్న కొన్ని జీవులు ఆదిలోనే తప్పుకుంటాయి. ఎరుపు, తెలుపు చారల క్రిస్టల్ రెడ్ రొయ్యలకూ, బీ రొయ్యలుగా పిలిచే వాటి బంధువులకూ 20 నుంచి 24 డిగ్రీల చల్లని, మృదువైన, ఆమ్ల గుణమున్న నీరు కావాలి. నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రం లేకుండా తెలుగు వేసవిలో వాటిని నిలపడం దుస్సాహసం. 2006లో మయన్మార్‌లోని షాన్ రాష్ట్రంలో వెయ్యి మీటర్లకు పైగా ఎత్తున ఉన్న చిన్న మడుగుల్లో బయటపడిన గెలాక్సీ రాస్బొరా కూడా చల్లదనం కోరేదే. నియాన్ టెట్రా అమెజాన్ ఎగువ భాగపు వాగుల చేప. 26 డిగ్రీలు దాటి నెలల తరబడి ఉంటే దాని ఆయుష్షు తగ్గుతుంది. దాదాపు అదే రంగుల్లో ఉండే కార్డినల్ టెట్రా రియో నెగ్రో, ఒరినోకో ప్రాంతాల వెచ్చని నీటిది, 28, 29 డిగ్రీలు దానికి సమస్య కాదు. చూడటానికి అంత దగ్గరగా ఉన్న ఈ రెండింటిలో తెలుగు ఇళ్ళకు రెండోదే తగినదని గట్టిగా చెప్పవచ్చు, ధర కాస్త ఎక్కువైనా సరే.

నీటి మట్టం మీదుగా చిన్న ఫ్యాను తిప్పితే ఆవిరి రూపంలో వేడి పోయి రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. అయితే ఆవిరయ్యేది నీరే, లవణాలు తొట్టెలోనే ఉండిపోతాయి. తగ్గిన మేరకు మళ్ళీ బోరు నీటినే పోస్తూ ఉంటే టీడీఎస్ రోజురోజుకూ పైకి పాకుతుంది. ఇలా భర్తీ చేసే నీరు ఒక్కటి మాత్రం అచ్చంగా ఆర్వోదై ఉండటం మేలు.

ఎన్ని చేపలు అన్న ప్రశ్నకు గాలన్‌కు అంగుళం చేప అన్న పాత కొలత ఇంకా చలామణిలో ఉంది. అది పొడవును కొలుస్తుంది, నీటిని పాడుచేసేది మాత్రం చేప ఒంటి పరిమాణం. ఆకారం మారకుండా పొడవు రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లవుతుంది. రెండు సెంటీమీటర్ల ఎంబర్ టెట్రాలు పది కలిసి 20 సెంటీమీటర్లు, 20 సెంటీమీటర్ల గోల్డ్‌ఫిష్ ఒక్కటే కూడా 20 సెంటీమీటర్లు. ఆ ఒక్క గోల్డ్‌ఫిష్ తినేది, విసర్జించేది ఆ పదింటికి ఎన్ని రెట్లో ఊహించుకోవచ్చు. పీహెచ్ పెరిగే కొద్దీ విసర్జన విషం కూడా పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 అయితే మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది 0.6 శాతం మాత్రమే, పీహెచ్ 8 అయితే 5 శాతం దాటుతుంది. అంటే బోరు నీటి తొట్టెలో అంతే మేత, అన్నే చేపలు దాదాపు పది రెట్లు ఎక్కువ ప్రమాదం తెస్తాయి. మొక్కలు బాగా పెరుగుతున్న తొట్టె అమ్మోనియాను చాలావరకు పీల్చుకుంటుంది కనుకనే అందులో కొంచెం ఎక్కువ చేపలకు చోటుంటుంది. అనూబియాస్, జావా ఫెర్న్ వంటి నిదానంగా పెరిగే మొక్కలు నాలుగు పెట్టినంత మాత్రాన ఆ వెసులుబాటు రాదు. హైగ్రోఫిలా, హైడ్రిల్లా, వాలిస్నేరియా వంటి వేగంగా పెరిగేవి గుబురుగా ఉండాలి.

ఇంతవరకూ వచ్చాక తేల్చుకోవలసింది ఒకటే: తొట్టె ఎవరిది? 40 లీటర్లలో రొయ్యల సంతానం పెరగాలంటే చేపలు వాటికి లోబడి ఉండాలి. చేపలే ప్రధానమైతే రొయ్యలు పెద్దవైనవి కొన్ని పాకీపని చేసుకుంటూ తిరుగుతాయి తప్ప సంఖ్య పెరగదు. రెండూ కావాలనుకున్న చోట సాధారణంగా చేపలకు ఖరీదైన మేత పెడుతున్నట్టవుతుంది.

చెర్రీ రొయ్య ఈ ప్రాంతానికి అన్నివిధాలా తగినది. దాని సొంత ఊరు తూర్పు ఆసియా, పీహెచ్ 6.5 నుంచి 8 వరకు, మధ్యస్థమైన కాఠిన్యం గల నీరు దానికి సరిపోతుంది, నీరు నిలకడగా ఉండి గాలి బాగా ఆడితే 28 డిగ్రీల వరకు ఇబ్బంది పడదు, ఆ పైన కొద్దిరోజులు ఓర్చుకుంటుంది. ఎదిగిన ఆడరొయ్య మూడు సెంటీమీటర్ల లోపే ఉంటుంది. అది ఇరవై ముప్పై గుడ్లను పొట్ట కింద ఈతకాళ్ళ మధ్య మోస్తూ, వాటిని ఎడతెగకుండా విసురుకుంటూ మూడు నాలుగు వారాలు తిరుగుతుంది. పిల్లలు పుట్టుకతోనే పెద్దవాటి ఆకారంలో ఉంటాయి, పొడవు రెండు మిల్లీమీటర్లు. వాటిని చూడాలంటే జావా మాస్ అనే మెత్తని పోగుల మొక్క గుబురు దగ్గర టార్చి లైటు పట్టి కాసేపు కదలకుండా ఉండాలి: మాస్ పోగు మీద మీసం వెంట్రుక అంత రెండు స్పర్శశృంగాలు ముందు కనబడతాయి, తరువాత గాజులా పారదర్శకమైన ఒళ్ళు, దాని లోపల తిన్నది ఒక నల్లని గీతలా. ముందరి కాళ్ళు రెండూ ఒకదాని తరువాత ఒకటి నోటికి ఏదో అందిస్తూనే ఉంటాయి. అవి తింటున్నది కంటికి కనిపించని జిగురుపొర, ఆకుల మీద, కొయ్య మీద సూక్ష్మజీవులు అల్లేది. కొత్త తొట్టెలో ఆ పొర ఉండదు. నీటి పరీక్షలన్నీ బాగున్నా కొత్త తొట్టెలో పిల్లరొయ్యలు నిలవకపోవడానికి ఆకలే కారణమవుతుంది.

రెండు మిల్లీమీటర్ల ఆ ఒళ్ళు ఏ చేప నోట్లో పట్టదు? పెంపకంలో ఉన్న చేపల్లో నాచు గీరుకుని బతికే ఆటోసింక్లస్ ఒక్కటే దాని జోలికి పోదని నమ్మకంగా చెప్పగలిగింది. మిగిలినవాటిలో తేడా ఎంత తింటాయన్న దగ్గరే. ఎంబర్ టెట్రా, చిల్లి రాస్బొరా నోళ్ళు చాలా చిన్నవి. తొట్టెలో మూడో వంతు మాస్‌తో నిండి ఉంటే వాటి కళ్ళుగప్పి సగం పిల్లలైనా పెరుగుతాయి. హార్లెక్విన్ రాస్బొరా, కార్డినల్ టెట్రా దగ్గరకు వచ్చేసరికి దాక్కున్నవి మాత్రమే మిగులుతాయి. గౌరామీలు, బెట్టా, రామ్ సిక్లిడ్ ఉన్నచోట సంతానం మీద ఆశ వదులుకోవచ్చు. ఏంజెల్ ఫిష్ అయితే ఎదిగిన రొయ్యనే కాదు, ఎదిగిన నియాన్ టెట్రాను కూడా మింగేస్తుంది. ఎలాగూ నిలువునా బాగా ఎదిగే ఆ చేపకు 22 సెంటీమీటర్ల లోతులో చోటే లేదు.

సంతానంతో పని లేకుండా నాచు తినిపించడమే లక్ష్యమైతే అమానో రొయ్య మెరుగు. మొక్కల అక్వేరియాన్ని ఒక కళగా ప్రపంచానికి పరిచయం చేసిన జపాన్ ఫొటోగ్రాఫర్ తకాషి అమానో తన తొట్టెల్లో దీని చేత నాచు శుభ్రం చేయించడం వల్లనే ఆ పేరు స్థిరపడింది. ఐదు సెంటీమీటర్ల దాకా ఎదుగుతుంది కనుక చిన్న చేపల నోటికి చిక్కదు. దాని లార్వాలకు ఉప్పునీరు కావాలి కాబట్టి మంచినీటి తొట్టెలో సంఖ్య పెరిగే బెడదా లేదు. పై తొట్టెకు మూడో నాలుగో చాలు. వాగుల్లో పట్టి తెచ్చి గ్లాస్ రొయ్యలంటూ చవకగా అమ్మేవాటి విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. వాటిలో గోదావరి చెరువుల నీలకంఠ రొయ్య కుటుంబానికి చెందిన పిల్లలు కలిసి ఉండవచ్చు. ముందరి కాళ్ళు పొడవుగా, చివర కత్తెరల్లా ఉంటే అవి రాత్రిపూట నిద్రలో ఉన్న చేపను పట్టి తినే రకం.

చేపల దగ్గరకు వస్తే, జాతులు తగ్గించి సంఖ్య పెంచడం చిన్న తొట్టెకు పనికొచ్చే సూత్రం. మూడు జాతుల టెట్రాలు తలా నాలుగు పెడితే పన్నెండు చేపలుంటాయి, గుంపు ఒక్కటీ ఉండదు. గుంపుగా బతకవలసిన చేప నలుగురిలోనే మిగిలితే కొన్ని జాతులు మూలన దాక్కుంటాయి, మరికొన్ని తమలోని బలహీనమైనదాన్ని తరిమి తరిమి చంపుతాయి. అదే ఒక్క జాతివి పన్నెండు ఉంటే ఆ కయ్యం పన్నెండింటి మధ్య పంచబడి ఆటలా తేలిపోతుంది, మొక్కల మధ్య అవి కలిసి తిరిగే తీరు కూడా చూడముచ్చటగా ఉంటుంది. టైగర్ బార్బ్, సెర్పే టెట్రా, బ్లాక్ విడో టెట్రా ఎన్ని ఉన్నా తోకలు కొరికే అలవాటు మానవు. పొడవు తోకల గప్పీల పక్కన వాటిని ఊహించుకోకూడదు. మన దేశపు జీబ్రా డానియో ఎవరికీ హాని చెయ్యదు, ధర తక్కువ, ఏ నీటికైనా తట్టుకుంటుంది. కానీ అది క్షణం నిలవని ఈతగత్తె, రెండడుగుల పొడవు దానికి చాలదు. పక్కన నిదానమైన చేప ఉంటే దానికి మేత కూడా దక్కనివ్వదు.

గుంపుకు తోడుగా కంటికి ఆనే పెద్ద చేప ఒకటి కావాలనిపించడం సహజం. ఆ స్థానానికి హనీ గౌరామీ జత మంచి ఎంపిక. గంగా, బ్రహ్మపుత్ర మైదానాల నిశ్చలమైన నీళ్ళకు చెందిన ఈ చేప ఐదు సెంటీమీటర్లకు మించదు, సాధువు, గాలిని నేరుగా పీల్చుకోగలదు కనుక వేసవిలో ఆక్సిజన్ కొరతను ఇతర చేపల కంటే బాగా ఓర్చుకుంటుంది. దాని దాయాది డ్వార్ఫ్ గౌరామీ రంగులు ఇంతకంటే మెరుపు, అయితే ఫారాల్లో పెంచిన వాటిలో మందు లేని ఇరిడోవైరస్ జబ్బు పాతుకుపోయి ఉంది. ఫైటర్‌గా పిలిచే బెట్టా సంగతి జాతిని బట్టి కాక చేపను బట్టి ఉంటుంది: ఒకటి రొయ్యలను చూసీ చూడనట్టు తిరుగుతుంది, మరొకటి రెండు రోజుల్లో తొట్టె ఖాళీ చేస్తుంది. 2019లో థాయిలాండ్ జాతీయ జలచరంగా ప్రకటించిన చేప అది, శతాబ్దాలుగా పోట్లాటకే పెంచినది, దాని నుంచి సౌమ్యతను హక్కుగా ఆశించడం న్యాయం కాదు. కేరళ నదుల పీ పఫర్ మూడు సెంటీమీటర్లే కదా అని మోసపోయేవారు ఎక్కువ. నత్తలను గుల్లలోంచి లాగి తినే ఆ చేప తోటి చేపల రెక్కలను కూడా ముక్కలు చేస్తుంది. దానికి విడిగా ఒక తొట్టె ఇవ్వాలి, లేదా దాన్ని తీసుకురాకూడదు.

అడుగుభాగానికి పిగ్మీ కోరీలనే బుల్లి మీసాల చేపలు ఎనిమిదో పదో బాగుంటాయి, మెత్తని ఇసుక ఉంటేనే. మొనలు తేలిన గులకల మీద తిరిగితే వాటి మీసాలు అరిగిపోతాయి. నాచు తినడానికి ఆటోసింక్లస్ కొనేటప్పుడు పొట్ట చూడాలి: ఎక్కువగా నదుల్లో పట్టి తెచ్చినవే కనుక చాలావాటికి పొట్ట లోపలికి గుంజుకుపోయి ఉంటుంది, అలాంటివి ఇంటికి వచ్చినా కోలుకోవు. నాచు తింటుందంటూ అంగళ్ళు ధారాళంగా అంటగట్టే సక్కర్ ఫిష్ వేలెడంత ఉన్నప్పుడు కొన్నది 40 సెంటీమీటర్లకు ఎదుగుతుంది, మొక్కలను పెకిలిస్తుంది. తొట్టె చాలక చెరువుల్లోనూ కాలువల్లోనూ వదిలేసినవి దేశంలో పలుచోట్ల స్థిరపడి, ఆంధ్ర చేపల చెరువుల్లో వలలు చింపే పీడగా మారాయి. పసుపు రంగులో గోల్డెన్ సక్కర్ అని అమ్మే చైనీస్ ఆల్గే ఈటర్ ఇంకో మోసకారి. చిన్నప్పుడు నాచు తిన్నా, పెద్దయ్యాక వెడల్పాటి చేపల ఒంటికి అతుక్కుని వాటి జిగురుపొరను పీలుస్తుంది.

గప్పీలను ఎంచుకునేవారు మగవాటిని మాత్రమే తెచ్చుకుంటే తొట్టె అదుపులో ఉంటుంది. ఆడచేప ఒక్కటి వచ్చినా చాలు. మగ లేకపోయినా ముందు కలిసినప్పటి వీర్యాన్ని నెలల తరబడి దాచుకుని నెలకోసారి ఈనుతూ పోతుంది.

నత్తల మీద పెంపకందారులకు ఉన్న కోపం చాలావరకు అన్యాయమైనది. మొక్కలతో పాటు చెప్పకుండా వచ్చే రామ్స్ హార్న్, బ్లాడర్ నత్తలు బతికున్న ఆకును సాధారణంగా ముట్టవు, కుళ్ళినదాన్ని తింటాయి. అవి గుంపులు గుంపులుగా పెరిగాయంటే మేత ఎక్కువ పడుతోందని అర్థం. చెయ్యి తగ్గిస్తే వాటి సంఖ్యా తగ్గుతుంది. పగలంతా మట్టిలో ఉండి రాత్రి బయటకు వచ్చే ట్రంపెట్ నత్త అడుగుమట్టిని గుల్లబరుస్తుంది, మొక్కల వేళ్ళకు అది మేలే. గాజు మీద నాచు గీరడంలో నెరైట్ నత్తకు సాటి లేదు. అది మంచినీటిలో సంతానం నిలపలేదు, కొయ్య మీద నువ్వుగింజల్లాంటి తెల్లని గుడ్లు అంటించి వదిలేస్తుంది, అవి గీరినా సులువుగా పోవు. ఆ మచ్చలు భరించలేనివారు దాన్ని వద్దనుకోవడం మంచిది. ఆపిల్ నత్తల్లో కొన్ని జాతులు మొక్కలను మొదలంటా తినేస్తాయి కనుక పేరు రూఢిగా తెలియని పెద్ద నత్తను మొక్కల తొట్టెలోకి రానివ్వకూడదు.

రొయ్యలూ నత్తలూ ఉన్నచోట మందుల విషయం మరవరాదు. చేపల తెల్లమచ్చల జబ్బుకు వాడే మందుల్లో కొన్నిటిలో, నత్తలను చంపే మందుల్లో ఎక్కువగా ఉండే రాగి చేపను బతికించి రొయ్యను చంపుతుంది. ఇంతకంటే తరచుగా కొంప ముంచేది దోమల మందు. గోడకు తగిలించే ద్రవపు సీసాలు, కాయిల్స్, స్ప్రేలు పనిచేసేది పైరెత్రాయిడ్లనే పురుగుమందుల వల్ల. అవి చేపలకు విషం, రొయ్యలకు ఇంకా తీవ్ర విషం. గదిలోని గాలిని నేరుగా నీటిలోకి నెట్టే ఎయిర్ పంపు పక్కనే దోమల మందు వెలుగుతుంటే ఫలితం తెల్లారేసరికి కనిపిస్తుంది. కారణం మాత్రం చాలామందికి తట్టదు, నీటినో మేతనో అనుమానిస్తారు. పురుగుమందు కొట్టిన నర్సరీ మొక్కలను కొద్దిరోజులు విడిగా నీళ్ళలో ఉంచి, ఆ నీళ్ళు మారుస్తూ పోయాకనే రొయ్యల తొట్టెలో నాటాలి.

మంజీర, కృష్ణా వంటి నదీజలం వచ్చే ఇంట్లో పైన చెప్పిన తొట్టెకు రొయ్యలదే పెత్తనమైతే, పదిహేను చెర్రీ రొయ్యలు, రెండు నెరైట్ నత్తలు, అవి స్థిరపడి మొదటి సంతానం కంటబడ్డాక పది ఎంబర్ టెట్రాలు అన్న కూర్పు బాగా నిలుస్తుంది. చేపలదే పెత్తనమైతే పది కార్డినల్ టెట్రాలు లేదా ఎనిమిది హార్లెక్విన్ రాస్బొరాలు, ఒక జత హనీ గౌరామీ, మూడు అమానో రొయ్యలు. బోరు నీరే దిక్కైన చోట ఆరేడు మగ గప్పీలు, చెర్రీ రొయ్యలు, రామ్స్ హార్న్ నత్తలు ఏ ఆర్భాటమూ లేకుండా బతుకుతాయి, నీరు మరీ కఠినం కాకపోతే ఆర్వో నీరు కలిపే పని పడదు. ఏ కూర్పుకైనా వరుస ఒకటే: మొక్కలు నాటాక అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు దిగేవరకు నాలుగు నుంచి ఆరు వారాలు, తరువాత నత్తలు, జిగురుపొర పట్టాక రొయ్యలు, చివర్లో చేపలు. తరువాతి కాలంలో వచ్చే ప్రతి కొత్త చేపనూ రెండు మూడు వారాలు విడి తొట్టెలో ఉంచి చూడాలి, ఎందుకంటే రొయ్యలున్న తొట్టెలో జబ్బు వచ్చాక వైద్యం చేసే వీలు చాలా తక్కువ.

ఏడాది తిరిగేసరికి చెర్రీ రొయ్యలు వందకు చేరవచ్చు. మిగులును ఇతర పెంపకందారులకు ఇవ్వాలి, లేదా అంగడికి తిరిగి అమ్మాలి. ఊరి చెరువులో మాత్రం వదలకూడదు. మిగిలిన మొక్కల ముక్కలకూ ఇదే నియమం. వాటిని కాలువలో పారేయకుండా ఎండలో పూర్తిగా ఎండబెట్టి చెత్తలో వెయ్యాలి.